తొట్టిలో పంపు మార్చుటకు ముందు

వర్కుషాపులో యంత్రమును విప్పిన తరువాత మొదట జరుగవలసినది మరమ్మతు కాదు, స్నానము. గేరుపెట్టె కానిండు, చక్రపు బేరింగు కానిండు, జిడ్డు వదలి లోహము తన రంగుతో కనబడినప్పుడే అందులోని పగులు, గీత, అరుగుదల కంటికి తెలియును. జిడ్డుమీదనే చూచి ‘బాగానే యున్నది’ అని బిగించిన భాగము పది దినములు తిరుగకుండగనే మరల విప్పించును. ఆ రెండవ కూలి యజమాని నెత్తిమీద పడును. ఈ స్నానము చేయించు తొట్టిని గురించి, అందులోను దానికి గుండెవంటిదైన ఒక చిన్న పంపును గురించి నేడు కొన్ని మాటలు చెప్పదలచినాము.

ఇది మేస్త్రీల గొడవ, రేడియో పెట్టుకొని యింట కూర్చున్న మాకేల యని శ్రోతలకు తోచవచ్చును. కృష్ణా డెల్టాలో ట్రాక్టరో, ఆయిలింజనో, మోటారుసైకిలో లేని యిల్లు నేడు వెదకవలసినదే. ఆ యంత్రము షెడ్డుకు పోయినప్పుడు దాని భాగములను కడుగుచు తొట్టి యొద్ద నిలుచుండు కుర్రవాడును ఏదో ఒక యింటి బిడ్డయే. పైగా ఆ తొట్టిలోని మురికి చివరకు ఏ కాలువలో కలియుచున్నదో, ఆ కాలువ నీరే మన మంచినీటి చెరువును నింపుచున్నది. కాబట్టి ఈ విషయము షెడ్డు గుమ్మముతో ఆగునది కాదు.

తొట్టిని చూడనివారికి రెండు మాటలు. నడుమెత్తున ఒక రేకు పళ్లెము, ఆ పళ్లెము నడుమ చిల్లి, దాని క్రింద ద్రవము నిలుచు తొట్టి. తొట్టిలో మునిగియున్న పంపు ద్రవమును పైకి తోడి, ఎటు వంచిన అటు వంగు గొట్టము గుండ భాగముమీద ధారగా విడుచును. కొన్నింట ఆ ధార బ్రష్షు లోపలినుండియే వచ్చును. జిడ్డును మోసికొని ధార చిల్లి గుండ మరల తొట్టిలోనికే దిగును. ఉదయము పోసిన ద్రవమే సాయంత్రము వరకు తిరుగుచుండును. బావిలోని పంపునకు ఎప్పుడును ఊట నీరు అందును. ఈ పంపు మాత్రము తాను కడిగిన మురికినే మరల మరల త్రాగవలెను. దాని కష్టములకు చాలవరకు ఇదియే మూలము.

పూర్వము ఇంతటి ఏర్పాటు లేదు. బేసినులో కిరసనాయిలో పెట్రోలో పోసి, చేతితో రుద్దెడివారు. పెట్రోలు జిడ్డును క్షణములో కోయును, తానును క్షణములో ఆరిపోవును. అందుచేత పనివారికి అది యిష్టము. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున బెన్ పామర్ అను నతడు 1950 దశకములో, పెట్రోలుకంటె తక్కువ ప్రమాదకరమైన ద్రావకమును పీపాలో నింపి, పీపామీద పళ్లెము నిలిపి, పంపుతో తిప్పు పరికరమును రూపొందించినాడు. ‘సేఫ్టీ క్లీన్’ అను పేర సాగిన ఆ వ్యాపారమును 1968లో చికాగో రాహైడ్ అను కంపెనీ కొన్నది. ఆపైన అది ఆ దేశమంతట వ్యాపించినది. ఆ తరహా తొట్లలో మాకు మిక్కిలి నచ్చినది పంపు కాదు, మూత. మూతను ఎత్తి నిలుపు కమ్మీలో తక్కువ వేడికే కరగు లోహముతో చేసిన లంకె యొకటి యుండును. సుమారు 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగులగానే ఆ లంకె తెగి, మూత తనంత తానే పడి, లోని మంటకు గాలి అందకుండ చేయును. మన ప్రాంతపు షెడ్లలో కట్టించుకొను తొట్లకు తరచు మూతయే యుండదు. ఉన్నచో దానిమీద స్పానర్లు, టీ గ్లాసులు ఉండును.

1966లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగరులో బాడీ కట్టువారు, లేతు పట్టువారు, బేరింగులు అమ్మువారు వీధివీధికి కలరు. అచట తొట్టి పంపు ఉదయము చెడినచో మధ్యాహ్నమునకు మరియొకటి వచ్చి కూర్చుండును. అచటికి సుమారు 60 కిలోమీటర్ల దూరమున, పామర్రు, కూచిపూడి దాటిన తరువాత వచ్చు చల్లపల్లిలో అట్లు కాదు. చల్లపల్లి ఒకప్పుడు జమీందారీ ముఖ్యస్థానము. నేడు చుట్టుప్రక్కల దివిసీమ గ్రామములకు ట్రాక్టరు మరమ్మతు జరుగు పెద్ద ఊరు. లక్ష్మీపురము చక్కెర కర్మాగారమునకు చెరకు తోలిన ట్రాక్టర్లు, సార్వా దమ్ములకు ఇనుపచక్రములు తొడిగిన ట్రాక్టర్లు, పుల్లేరు ఒడ్డున నీరు తోడిన ఆయిలింజనులు ఈ షెడ్ల నీడకే వచ్చినవి. ఇక్కడ పంపు చెడినచో బస్సు పట్టుకొని విజయవాడ పోవువాడు తక్కువ. ఎదుటి అంగడిలో ఏది దొరకిన దానిని తెచ్చి తగిలించువాడు ఎక్కువ. ఎదుటి అంగడిలో దొరకునది ఏసీ కొనలేని యిళ్లలో వాడు ఎయిర్‌కూలరు పంపు. రెండు మూడు వందల రూపాయలు, అరచేతిలో పట్టును, ప్లగ్గు తగిలించినచో తిరుగును.

ఆ ఊరిలో ఒక షెడ్డుకు పోయినప్పుడు యజమాని మాతో, “ఏడాదిలో మూడు పంపులు మార్చానండీ. వీటికి దమ్ము లేదు. ఈసారి అర హార్సుపవరుది తెచ్చి పెట్టేస్తాను” అన్నాడు. చచ్చిన పంపులు ఏవి యని అడిగినాము. పల్లెటూరి షెడ్డులో ఏ వస్తువును పారవేయరు. మూడును బల్ల క్రింద గోనెసంచిలో ఉన్నవి. వాటిని నేలమీద పరచి, ఒక్కొక్కటిగా విప్పి చూచినాము. మూడును ఒకే తీరున చావలేదు.

మొదటిదానిని చంపినది నిజముగా దమ్మే. ఆషాఢ శ్రావణములలో మడిలో దిగబడి పనిచేసిన ట్రాక్టరు చక్రపు కుదురులో నల్లరేగడి బురద గ్రీజుతో కలసి ముద్దయై యుండును. ఆ ముద్ద తొట్టిలోనికి దిగిన తరువాత, రేగడి మన్నులోని అతి సన్నని రేణువులు ఏ జాలికిని ఆగక పంపులోనికి పోవును. ఒట్టి బంకమన్ను మెత్తనిదే, దానివలన అంత హాని లేదు. దానితో కూడ వచ్చు సన్నయిసుక మాత్రము సామాన్యమైన ఇనుముకంటె గట్టిది. వాల్వులు గ్రైండు చేయుటకు మేస్త్రీలు కొను పేస్టులో ఉండునదియు ఇటువంటి సరకే: జిడ్డు, దానిలో గరుకైన పొడి. ఆ పంపు ఇరుసుమీద చుట్టును గాడి పడియున్నది, రెక్కల చక్రము నడిమి రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమునకు అరిగినది. పంపు అడుగు నేరుగ తొట్టి అడుగునకు ఆనియుండుటచేత, మురికి పేరుకొను చోటనే అది నోరు తెరచుకొని కూర్చున్నది.

ఈ డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద, 1957లో పూర్తియైన ఆ కట్టడములో, కాలువలకు నీరు తీయు తలుపుల ప్రక్కను మేట వేసిన ఇసుకను దిగువకు నెట్టుటకు వేరుగ తూములు పెట్టినారు. 1855 నాటి పాత ఆనకట్టకును అట్టి తూములుండెను. నీరు తీసికొను చోటను బురద నిలుచు చోటను వేరు చేయవలెనని ఇంజనీర్లు అంత పెద్ద నదికి చేసిన ఏర్పాటును రెండడుగుల తొట్టికి చేసికొనుట కష్టము కాదు.

రెండవ పంపును విప్పనవసరమే లేకపోయినది. చౌకధరల దుకాణములలో కిరసనాయిలు కరవైన నాటినుండి షెడ్లలో డీజిలే దాని స్థానమును ఆక్రమించినది. ఆ తొట్టిలోనిదియు డీజిలే. ఎయిర్‌కూలరు పంపు నీటికొరకు చేసినది. దాని అడుగున నేలకు అతుకు రబ్బరు కాళ్లు నాలుగుండును. ఆ నాలుగును డీజిలు త్రాగి, ఉబ్బి, జిగురువలె మెత్తబడి ఊడిపోయినవి. పంపు తొట్టిలో ప్రక్కకు ఒరిగినది. సహజమైన రబ్బరు పెట్రోలియపు నూనెలలో ఉబ్బును. నైట్రైల్ అను కృత్రిమపు రబ్బరు తట్టుకొనును. ఇది యిట్లుండగా, మమ్ము కలవరపెట్టినది కాళ్లు కాదు, తీగ. తీగమీది ప్లాస్టిక్ తొడుగును మెత్తగా ఉంచుటకు అందులో ఒక నూనెవంటి పదార్థమును కలుపుదురు. డీజిలు ఆ పదార్థమును పీల్చివేయును. అప్పుడు తొడుగు ఎండుకొమ్మవలె బిగిసి, వంచినచోట పగులును. ఆ తీగను మేము రెండు వ్రేళ్లతో వంచగనే మూడుచోట్ల పగిలి, లోని రాగి మెరసినది. అది ద్రవములో మునిగియున్న భాగము కాదు. ద్రవమునకు కొంచెము పైన, ఆవిరి నిలుచు చోట.

మూడవ పంపు కథ యజమాని నోటనే విన్నాము. ఆ రోజు సాయంత్రము కరెంటు పోయినది. తొట్టి యొద్ద కుర్రవాడు స్విచ్చి తీయుట మరచి యింటికి పోయినాడు. గొట్టము పళ్లెము అంచునుండి జారి నేలవైపు వ్రేలాడినది. రాత్రి ఏ జామునో కరెంటు వచ్చినది. పంపు తన పని తాను చేసి, తొట్టిలోని డీజిలునంతను షెడ్డు నేలమీద పోసి, ఆపైన వట్టి తొట్టిలో తెల్లవారులు తిరిగి కాలిపోయినది. ఉదయము యజమాని వచ్చి, రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, పోయిన డీజిలుకు బాధపడి, మరియొక పంపు తెచ్చినాడు. అతని లెక్కలో అది పంపు చెడిన రోజు, అంతియే. విప్పి చూచినచో చుట్టిన తీగ నల్లగా మాడి వాసన వేయుచున్నది. ఆ మాడుటలో ఒక్క నిప్పురవ్వ బయటికి వచ్చియున్నచో ఆ షెడ్డుగాని, దానిని ఆనుకొనియున్న యిల్లుగాని ఉండెడివి కావు.

ఇచ్చట ఒక లెక్క చెప్పక తప్పదు. ప్రతి యింధనమునకు, దాని ఆవిరి నిప్పు తగిలినచో భగ్గుమను కనీసపు వేడిమి యొకటి కలదు. దానిని ఫ్లాష్ పాయింటు అందురు. పెట్రోలుకు అది సున్నకు సుమారు 40 డిగ్రీల దిగువన, అనగా మన దేశములో ఏ ఋతువునందైనను పెట్రోలు ఆవిరి సిద్ధముగనే యుండును. భారత ప్రమాణముల ప్రకారము కిరసనాయిలుకును డీజిలుకును ఇది 35 డిగ్రీలకు తక్కువ కాకూడదు. బంకులలో దొరకు డీజిలుకు ఇంకను ఎక్కువగనే యుండును. చలిదేశములలో వ్రాసిన పుస్తకములు కిరసనాయిలు పెట్రోలుకంటె ఎంతో క్షేమమని చెప్పుచున్నవన్నచో అచటి షెడ్డు వేడి 15, 20 డిగ్రీలే కనుక. విజయవాడలో వైశాఖ జ్యేష్ఠములలో నీడలోనే 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. రేకుల కప్పు క్రింద, వేడెక్కిన పంపు ప్రక్కన, తొట్టిలోని కిరసనాయిలు ఎంత వేడిమిలో ఉండునో ఊహింపవచ్చును. చలిదేశపు పుస్తకము నమ్మి మనము కిరసనాయిలు ఎదుట వెల్డింగు చేయరాదు. డీజిలు విషయములో మరియొకటి కలదు: నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు ఎంత వేడిని పుచ్చుకొనునో డీజిలు అందులో సుమారు సగమే పుచ్చుకొనును. నీటిలో చల్లగా తిరుగు పంపు డీజిలులో అంత చల్లబడదు.

అర హార్సుపవరు పంపు పెట్టెదనన్న యజమానికి మేము చెప్పిన సమాధానము ఈ మూడు పంపులలోనే యున్నది. పెద్ద పంపు బురదను ఇంకను బాగుగ కలియబెట్టును. ధార భాగమునకు తగిలి కన్నులలో చిందును. సన్నని తుంపరగా మారిన డీజిలు తన ఫ్లాష్ పాయింటునకు తక్కువ వేడిమిలోనే అంటుకొనగలదు. పంపు బలము సమస్య కాదు. తొట్టిలో ఏ ద్రవము పోయుచున్నాము, దానిలో మన్ను ఎక్కడ దిగుచున్నది, స్విచ్చి ఎవరి చేతిలో ఉన్నది అను మూడింటిని తేల్చినగాని నాలుగవ పంపు కొనుటలో అర్థము లేదని చెప్పినాము. అతడు కొంత సణిగినాడు. దమ్ముల రోజులు, షెడ్డు ముందు ట్రాక్టర్లు నిలిచియున్నవి. అయినను ఒక పూట ఆగినాడు.

ద్రవము మాట మొదట తేలినది. ట్రాక్టరు పనిలో కడుగవలసిన సామానులో పెద్ద పాలు గేరుపెట్టె గుల్లలు, చక్రపు కుదుళ్లు, ఇంజను మూతలు. వీటికి డీజిలు అక్కరలేదు. యంత్రభాగములు కడుగుటకని అమ్ము సబ్బు ద్రావకమును నీటిలో కలిపినచో జిడ్డు పోవును. మన ఎండలకు ఆ నీటిని ప్రత్యేకముగ కాచుట కూడ తక్కువే. కొందరు చౌకయని కాస్టిక్ సోడా కలుపుచున్నారు. అది ఇనుమును చక్కగా కడుగును గాని అల్యూమినియమును తినివేయును, ఆ తినుటలో హైడ్రోజను వాయువును పుట్టించును, చేతి చర్మమును కాల్చును. కార్బురేటరు గుల్లను అందులో వేసి మరచినవాడు తిరిగి వచ్చునప్పటికి గుల్ల బొబ్బలెక్కి యుండును. నీటితో కడిగిన ఇనుమునకు తుప్పు భయము కలదు. కడిగిన వెంటనే కంప్రెసరు గాలితో ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడువవలెను. బేరింగులకు మాత్రము నీరు పనికిరాదు. వాటిని మూతగల చిన్న డబ్బాలో కొద్ది కిరసనాయిలు పోసి, బ్రష్షుతో, షెడ్డు బయట చెట్టుక్రింద కడుగుకొనవచ్చును, పంపు అక్కరలేదు. కడిగిన బేరింగును కంప్రెసరు గాలితో గిరగిర తిప్పి ఆనందించు అలవాటు కుర్రవారిలో కలదు. నూనె లేని బేరింగు ఆ వేగమునకు పగిలి గుండ్లు తుపాకి రవ్వలవలె ఎగిరిన సందర్భములు ఎన్నియో కలవు. ఆ ఆట మాన్పింపవలెను.

ద్రవము మారిన వెంటనే పంపు ప్రశ్న తేలికయైనది. లేతు మిషనుమీద కోతపనిముట్టును చల్లార్చుటకు తెల్లని నీరు ధారగా పోయు పంపును పలువురు చూచియుందురు. మేస్త్రీలు దానిని కూలెంటు పంపు అందురు. అందులో మోటారు తొట్టిపైన, గాలిలో ఉండును. పొడుగాటి ఇరుసు క్రిందికి దిగి, కొననున్న రెక్కల చక్రము మాత్రమే ద్రవములో మునుగును. మునిగిన భాగములో సీలు లేదు కనుక ఉబ్బునదియు, కోసికొనిపోవునదియు తక్కువ. ఇనుప రజను మధ్య బ్రతుకుటకే దానిని చేసినారు. పదవ వంతు హార్సుపవరుది ఈ పనికి ధారాళముగ చాలును. వెల ఎయిర్‌కూలరు పంపునకు పలురెట్లు; కాని ఆ సంచిలోని మూడు పంపుల వెల, నేలపాలైన డీజిలు వెల, మూడుసార్లు పని నిలిచిన కూలి కలిపి చూచిన యజమాని మారుమాటాడలేదు.

డీజిలో కిరసనాయిలో తప్పనిసరిగా తొట్టిలోనే తిప్పవలసిన షెడ్లు కొన్ని యుండవచ్చును. ఇంధనపు పంపులు, నాజిలులు విప్పువారి పని అటువంటిది. వారికి ఈ కూలెంటు పంపును మేము చెప్పము. దాని మోటారు ఆవిరుల నడుమ నడచుటకు చేసినది కాదు. గాలితో నడుచు డయాఫ్రమ్ పంపు వారికి తగినది. టైర్లకు గాలి కొట్టు కంప్రెసరు ఎలాగును ఉండును. తొట్టి దగ్గరకు కరెంటు తీగయే రాదు. అదియు కొనలేనివారికి కిరసనాయిలు పీపాలకు పెట్టు చేతితో త్రిప్పు పంపు ఉన్నది. ఒక చేయి పిడిమీద, ఒక చేయి బ్రష్షుమీద ఉండును; పని కొంత నెమ్మది. ప్రవహించు కిరసనాయిలులో స్థిరవిద్యుత్తు పుట్టును కనుక ప్లాస్టిక్ టబ్బు పనికిరాదు. ఇనుప తొట్టి, దానికి భూమిలోనికి ఎర్తు తీగ ఉండవలెను.

చల్లపల్లి షెడ్డులో పని యిట్లు జరిగినది. ముందుగా ప్లగ్గు ఊడదీసి, డీజిలును మూతగల పీపాలోనికి తోడి, అడుగు మడ్డిని తాపీతో గీసి వేరు డబ్బాలోనికి ఎత్తినాము. నాలుగంగుళముల మందము ఉండెను. తొట్టిని సబ్బు నీటితో రెండుమార్లు కడిగినాము. తొట్టి నడుమ అడ్డరేకు నిలుపవలసియుండగా యజమాని వెల్డింగు కర్ర తీసినాడు, మేము వలదన్నాము. డీజిలు తాగిన తొట్టి ఎంత కడిగినను అతుకుల సందులలో కొంత మిగులును. వెల్డింగు వేడికి అది ఆవిరియై ప్రేలును. ఖాళీ ఇంధనపు పీపాకు అతుకు పెట్టబోయి ప్రాణములు పోగొట్టుకొన్నవారిని గురించి పత్రికలలో చదువుచునే యున్నాము. కోణపు కమ్మీలు, బోల్టులు, అంచులకు నైట్రైల్ రబ్బరు పట్టీ పెట్టి అడ్డరేకు బిగించినాము. పళ్లెము చిల్లి ఒక గదిలోనికి దిగును. మన్ను అక్కడనే నిలిచి, తేరిన నీరు రేకు పైయంచు దాటి రెండవ గదిలోనికి పోవును. పంపు రెండవ గదిలో, అడుగునకు నాలుగంగుళముల ఎత్తున.

తరువాత కరెంటు. మోటారు ఒంటికి ఎర్తు తీగ, ఆ వరుసకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పట్టి కట్టివేయు స్విచ్చి పెట్టించినాము. తడి చేతులతో తడి ఇనుమును పట్టుకొని నిలుచుండువాని ప్రాణము ఈ చిన్న పెట్టెమీద ఆధారపడియున్నది. గోడమీది స్విచ్చి బదులు కాలితో నొక్కు స్విచ్చి పెట్టినాము. నొక్కినంతసేపే ధార వచ్చును. కాలు తీసినచో ఆగును. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినను పంపు తనంత తాను తిరుగదు. కుర్రవాని జ్ఞాపకశక్తిని తిట్టుటకంటె ఇది మేలు. అతనికి నైట్రైల్ చేతొడుగులు ఒక పెట్టె కొనిపెట్టుమని యజమానితో చెప్పినాము. డీజిలు, కిరసనాయిలు చర్మపు సహజమైన జిడ్డును లాగివేసి పగుళ్లు, దురదలు తెచ్చును. ఆ అబ్బాయి వ్రేళ్ల సందులు అప్పటికే తెల్లబారి పగిలియున్నవి. నెలనెల సంత మందుల షాపులో లేపనము కొనుచున్నాడట. కారణము చేతిలోనే యున్నదని అతనికి ఎవరును చెప్పలేదు.

ఇక తీసిన మడ్డి మాట. షెడ్డు వెనుక బోదె యున్నది; ఇంతకాలము మడ్డి అందులోనికే పోయినది. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు ఊరూర మంచినీటి చెరువులను ఆ కాలువల నీటితోనే నింపుకొందురు. పల్చని నూనె పొర నీటిమీద ఎంత దూరము ప్రాకునో ఈ డెల్టాలో తెలియనివారు లేరు. 2014 నవంబరులో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారుజామున చీపుళ్లు పట్టి వీథులు ఊడ్చుచున్న ఊరిది. వారు ఊడ్చిన వీథి ప్రక్కనే షెడ్డు మడ్డి పారుట చూడ ముచ్చటగా లేదు. యజమాని ఆ మాట మేము అనకముందే తానే అన్నాడు. రాత్రి తొట్టి కదలకుండ ఉన్నచో ఉదయమునకు నూనె పైకి తేలి, మన్ను అడుగునకు దిగును. తేలిన నూనెను గరిటెతో తీసి ఇంజనునుండి దించిన పాత ఆయిలు పీపాలో కలుపవలెను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము ఆ ఆయిలును అనుమతిగల శుద్ధికేంద్రములకే ఇయ్యవలెను; ఇటుకబట్టీలకు అమ్మరాదు. మడ్డిని మూతగల డబ్బాలో ఆరనిచ్చి ఆ బండిలోనే పంపవలెను.

పంపు చెడినదని నిశ్చయించుటకు ముందు చేయవలసినది మరియొకటి. పంపు గుయ్యిమనుచు ధార రానిచో వెంటనే స్విచ్చి తీయవలెను. కదలని మోటారు కరెంటును ఎక్కువగా లాగి నిమిషములలో మాడును. ప్లగ్గు ఊడదీసి, జాలి విప్పి, రెక్కల చక్రమును వ్రేలితో త్రిప్పి చూడుడు. గుడ్డపీలికయో, గ్యాస్కెట్టు ముక్కయో, బ్రష్షు వెండ్రుకయో చుట్టుకొని యుండుట సర్వసాధారణము. అది తీసివేసినచో తిరుగు పంపును క్రొత్తది కొని మార్చుట వృథా.

తొట్టి మొదటి గదిలో బురదను దమ్ములు సాగు నెలలలో వారమునకొకసారి, దాళ్వా కోతలైన తరువాత నెలకొకసారి తీసిన చాలును. తీసిన రోజున రెండవ గది అడుగునకూడ చేయి పెట్టి చూడుడు. వ్రేళ్లకు గరుకు తగిలినచో అడ్డరేకు అంచున రబ్బరు పట్టీ జారినదన్నమాట. దానిని సరిచేసిన తరువాతనే పంపు నడుపవలెను.